పిట్టకు కొమ్మ, గింజకు నీడ

పండు తిన్న పిట్ట ఎక్కడ వాలితే అక్కడే రెట్ట వేస్తుంది. ఆ రెట్టలో గింజ ఉంటుంది. ఇది పల్లెలో ఎవరికైనా తెలిసిందే. కానీ చెట్లు నరికేసిన నేలకు అడవిని మళ్లీ రప్పించడానికి ఈ సంగతిని వాడుకోవడం అంత తేలిగ్గా కుదరలేదు.

పచ్చదనం తనంతట తాను ఎలా పాకుతుందో ముందు చూద్దాం. కెనడాలో హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బలు ఎలా పచ్చబడుతున్నాయో యారంటన్, మోరిసన్ అనే పరిశోధకులు 1974లో రాశారు. ముందుగా పాతుకున్న జూనిపర్ల చుట్టూ మిగతా మొక్కలు గుంపు కడుతున్నాయి, ఆ గుంపులే పెరిగి కలుస్తున్నాయి.

మరి ఆ మొక్కల గింజలను పిట్టలతో తెప్పించవచ్చా? ఫ్లోరిడాలో ఫాస్ఫేట్ తవ్వి వదిలిన నేలలో మెక్‌క్లానహన్, వుల్ఫ్ అనే పరిశోధకులు పిట్టలు వాలడానికి ఎండు మోడులు నిలబెట్టారు. బయలులో కంటే వాటి కింద ఎన్నో రెట్లు ఎక్కువ గింజలు రాలాయని 1993లో ప్రకటించారు. ఖర్చు లేని ఉపాయం! పని అయిపోయిందనే అనిపిస్తుంది.

కాలేదు. కోస్టారికాలో పాడుపెట్టిన పశువుల బీళ్లలో పరిశోధకురాలు కారెన్ హోల్ ఇలాంటి గుంజలే పాతి చూశారు. గింజలు బాగానే పడ్డాయి కానీ మొక్కలు నిలవలేదు. 1998లో అచ్చయిన ఈ నిరాశే, నా లెక్కలో, అసలు మలుపు. బీడునిండా దట్టంగా ఎదిగిన మేతగడ్డి మొలకను తల ఎత్తనివ్వదు. ఎండు గుంజ పిట్టకు చోటిస్తుందే తప్ప గడ్డిని అణిచే నీడనివ్వదు.

అయితే హ్యూరాన్ ఒడ్డున జూనిపర్ల చుట్టూ జరిగినట్టు, బతికున్న చెట్లనే గుంపులుగా పెంచితే? 2004–06లో హోల్, రకాన్ జహావీ తదితరులు పనామా సరిహద్దు దగ్గరి సాన్ వీటో ప్రాంతంలో 50 మీటర్ల చదరపు మళ్లు వేశారు. ఒక మడి నిండా 313 మొక్కలు. ఇంకో మడిలో 86 మాత్రమే, అవీ దీవుల్లా అక్కడక్కడా. మూడో మడి ఖాళీ. త్వరగా నీడనిచ్చే ఇంగా, ఎరిత్రినాలతో పాటు వోకీసియా, మన మద్ది, కరక్కాయల ప్రజాతికి చెందిన టెర్మినాలియా నాటారు. 4 మీటర్ల బుల్లి దీవులను పిట్టలు అంతగా లెక్కచేయలేదు. 12 మీటర్ల దీవులకు మాత్రం బాగా వచ్చాయి. దశాబ్దం దాటేసరికి, వాటంతట అవి మొలిచిన చెట్ల విషయంలో 86 మొక్కల మడి 313 మొక్కల మడికి దీటుగా నిలిచింది.

ఒక లోటు మాత్రం మిగిలింది. చిన్న పిట్టలు మింగలేని పెద్ద గింజల చెట్లు ఈ మళ్లకు సరిగా చేరలేదు. వాటి గింజలను మనిషే తెచ్చి, నీడ ఏర్పడ్డాక, చేత్తో నాటాలి.