పట్టా లేని అయ్యవార్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను నీ మూడు ఊళ్ళును, 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములతో ఏర్పడిన చిత్తూరు జిల్లా పడమటి అంచున 2022 వరకు నెలకొనియుండినవి. పుంగనూరు దాటి కొంతదూరము పోయిన కన్నడము, కుప్పము దాటిన తమిళమును చెవిని బడును. ఇట్టి సరిహద్దు సీమలో పల్లెవారికి చదువు చెప్పువానికి యోగ్యతాపత్రము నెవరీయవలెను? ఈ ప్రశ్న నేటిది కాదు.

పుంగనూరు, కంగుంది జమీనుల పల్లెలలోని వీథిబడి అయ్యవారికి సర్కారు పట్టా యెక్కడిది? ఊరు ఒప్పుకొనుటయే ఆయనకు పట్టా. ఇసుకలో అక్షరములు దిద్దించెడివాడు. ఎక్కములు వల్లె వేయించెడివాడు. దసరాకు పిల్లలు ఇంటింటికి తిరిగి తెచ్చిన మామూళ్ళను అరకొర రాబడికి జోడించుకొనెడివాడు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బడుల లెక్క తీయింపగా రాజధాని మొత్తముమీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలిరి. దత్తమండలముల కలెక్టరుగా మన్రో మదనపల్లె సీమను ముందే యెరిగినవాడు. ఉపాధ్యాయునికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, అంత మాత్రమునకు యోగ్యులు ఈ వృత్తికి రారనియు 1826లో వ్రాసెను. బోధకులకు శిక్షణ నిప్పింప దలచెను. మరుసటి యేడే పత్తికొండలో కలరాతో మరణించెను. పథకము నీరుగారెను. శిక్షణయు జీతమును ఒకే కాడికి కట్టిన యెడ్లని ఆయన గ్రహించినంతగా తరువాతివారు గ్రహింపలేదని మా యభిప్రాయము.

పట్టా పోయిన అనుభవమును మదనపల్లెకు గలదు. 1915లో అనిబిసెంటమ్మ స్థాపించిన కళాశాల హోంరూలు రోజులలో మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు కోల్పోయి, అడయారు జాతీయ విశ్వవిద్యాలయమున చేరెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు ఇచటనే జనగణమనను ఆంగ్లీకరించిన సంగతి అందరెరిగినదే.

ఇక రిషివ్యాలీ మాట. 1980ల చివర వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలు నెలకొల్పిరి. బోధకులు ఆ సీమ యువతీయువకులే. శిక్షణ కళాశాల గడప త్రొక్కనివారు అందనేకులు. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు! పాఠములను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, అట్టముక్కలకెక్కించి, బొమ్మ గుర్తులు వేసి, నిచ్చెనగా గోడకు తగిలించిరి. పిల్లవాడు తన మెట్టు తానే చూచుకొని అట్ట తీసికొనును. బోధకుడు ఒక జట్టు కడ కూర్చుండగా తక్కినవారు ఒకరికొకరు సాయపడుదురు. తూనికలు, కొలతలకై పిల్లలు సంత పెట్టిరి. అమ్మలు సయితము వచ్చి పాల్గొనిరి. చేయితిరిగినవారి ప్రక్క కూర్చుండి పని చేయుటయే ఆ బోధకులకు శిక్షణ.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ప్రభుత్వోపాధ్యాయులు వచ్చి దీనిని చూచి పోయి ‘నలి కలి’ ఆరంభించిరి. అది క్రమముగా కర్ణాటకమంతట వ్యాపించెను. పట్టా గలవారు పట్టా లేనివారి బడికి నేర్చుకొన వచ్చిరన్నమాట! 1999లో పుట్టిన అగస్త్య సంస్థయు కుప్పము చెంత నిలిచి, ప్రయోగ సామగ్రిని బండ్లకెక్కించి పల్లెలకు పంపుచు, బడిపిల్లలనే బోధకులుగా తీర్చినది.

2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికి కనీస యోగ్యత విధించెను. దీనిని మేము తప్పుపట్టము; అది లేనిచో చౌకగా దొరికినవానిని బడిలో నిలుపుట తేలిక. కాని పలు తరగతులను ఒక్క గదిలో నడపు నేర్పు వ్రాతపరీక్షకు చిక్కునా? యోగ్యత లేనివారు దానిని 2019 మార్చి 31 లోపల సంపాదింపవలెనని 2017 సవరణ గడువిచ్చెను. లక్షలమంది డిప్లొమాకై పేరు నమోదు చేసికొనిరి. మన్రో లెక్కించిన జీతము ప్రసక్తి ఆ సవరణలో లేదు.