చెంచుల శిశుశిక్షణము

ఆంధ్రమున ‘శిక్ష’ యనగానే బెత్తము జ్ఞప్తికి వచ్చును. ధాతుపాఠమున శిక్షధాతువునకు విద్యను గ్రహించుట యర్థము. దండనార్థము మన వ్యవహారమున బలపడినది. ఈ రెండర్థములకు నడుమ గల దూరమును దెలిసికొనుటకు నల్లమల చెంచులు తమ బిడ్డలను బెంచిన రీతి మిక్కిలి యుపకరించును.

బిడ్డలను సంతకు దూరముగా బెంచవలె నను తలంపు నేడు పెక్కు దేశముల వినవచ్చుచున్నది. శ్రీకాకుళము జిల్లా హిరమండలము చెంత 2018లో నేర్పడిన కూర్మగ్రామమున గొన్ని కుటుంబములు విద్యుచ్ఛక్తిని విడనాడి, గురుకుల పద్ధతిని బిడ్డలకు జదువు చెప్పించుచున్నవి. అది తామై కోరుకొన్న త్యాగము. చెంచుల స్థితి యట్టిది గాదు. వారు సంతను విడిచి యడవి కేగినవారు కారు. వారున్న యడవికే సంత నడచి వచ్చినది. కావున నీ రెంటిని నొక్క త్రాట గట్టుట చరిత్రకు విరుద్ధము.

మనుస్మృతి పదియవ యధ్యాయమున మేదాంధ్రులతోపాటు చుంచు లను వారికి వన్యమృగముల వేట వృత్తిగా జెప్పబడినది. ఆ చుంచులే చెంచు లని కొందఱందురు. ధ్వనిసామ్య మొక్కటియే ప్రమాణము గాజాలదు; మార్పునకు దగిన నడిమి రూపములు కనబడనిదే యట్టి నిర్ణయము సాహసము. అహోబిల నృసింహుడు చెంచిత జేపట్టె నను కథయు, శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లన్న యను వాడుకయు మాత్రము, ఈ జాతికిని మన క్షేత్రములకును గల చిరసంబంధమును జాటుచున్నవి.

1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెండార్ఫ్ నాటి హైదరాబాదు సంస్థానమున మహబూబునగరము జిల్లాకు జేరిన అమ్రాబాదు పీఠభూమిపై జెంచులను బరిశీలించి, 1943లో నొక గ్రంథమును వెలువరించెను. ఆ వర్ణనమును బట్టి వారి జీవనము గడ్డలు, పండ్లు, ఇప్పపూలు, తేనె, వేటలపై నడచెడిది. త్రవ్వుకోల, గొడ్డలి, విల్లమ్ములు, కొన్ని కుండలు, గంపలు – ఇవియే సంపద. అయినను వారు లోకముతో బొత్తుగా సంబంధము లేనివారు కారు. త్రవ్వుకోలమొనకు, బాణపు ములికికి వలసిన యినుమును, కట్టుబట్టను పల్లెవారినుండి గ్రహించి, మాఱుగా నడవిసరకు లిచ్చెడివారు. ఏ జాతియు నేకాకి గా దనుట కిది నిదర్శనము.

అట్టి పెంటలో బిడ్డకు వేఱుగా బడి లేదు. తల్లి గడ్డ త్రవ్వుచుండగా బిడ్డ చెంత నుండి తీగను జూచి గడ్డను గుర్తించుట నేర్చును. మగబిడ్డకు జిన్న విల్లే యాటవస్తువు, అదియే పాఠము. ఏ పూవు పూచినపు డే తేనె దొరకునో, ఏ జాడ యే మృగముదో పెద్దల వెంట దిరిగి తెలిసికొనును. గురువు చెంత వసించువా డని యర్థమిచ్చు ‘అంతేవాసి’ శబ్దమున సప్తమీవిభక్తి లోపింపక నిలిచియున్నది. చెంత నుండుట యను నర్థ మా విభక్తిలోనే నిలిచినది. చెంచుబిడ్డ చదువును నట్టిదే. లిపి లేకున్నను విద్య నిలుచు నని వేదమును ముఖస్థముగా రక్షించుకొన్న మనకు వేఱుగా జెప్ప నక్కఱలేదు.

హైదరాబాదు–విజయవాడ రాజమార్గముపై నున్న కేతేపల్లివంటి యూళ్లలో బిడ్డ కన్ను దెఱచుటయే యంగళ్ల వరుసకు. అచ్చటి బిడ్డకు వస్తువు పేరును వెలయు నొక్కసారి తెలియును. చెంచుబిడ్డకు మొదట దెలియునది వస్తువు పుట్టుచోటు. ఈ భేదమును జూచి యడవి బ్రతుకును స్వర్గ మనుట తగదు. వైద్యము దూరమై, ఆహారము చాలక యెందఱో శిశువులు నశించిరి.

తరువాతి కాలమున బ్రభుత్వపు దృష్టి వీరిపై బడినది. 1975లో నాదిమజాతుల పట్టికలో వీరు చేర్పబడిరి. 1983లో వీరి యడవి నాగార్జునసాగర–శ్రీశైలము పులుల సంరక్షణాలయ మయ్యెను. 2014లో రాష్ట్రవిభజన జరుగగా దెలంగాణ భాగము అమ్రాబాదు పేర వేఱుపడినది. 2006లో నటవీహక్కుల చట్టము, 2009లో నిర్బంధవిద్యాహక్కు చట్టము వెలసినవి. ఒక చట్టము చెంచుకు నడవిపై హక్కు నిచ్చును. మఱియొకటి వాని బిడ్డను బడికి బిలుచును. బడి దూరమై వసతిగృహమున జేర్పవలసివచ్చినచో, నడవివిద్య నేర్వవలసిన యేండ్లే గడచిపోవును. చదువు నడుమ నాగిన బాలునకు బట్టణమున బనియు దొరకదు, అడవిలో గడ్డయు దొరకదు.

అట్లని యక్షరమును నిషేధింప రాదు. హక్కుపత్రమును జదువలేనివాడు హక్కును నిలుపుకొనజాలడు. వలసినది పెంట చెంతనే బడి, ఇప్పపూలకాలము తేనెకాలములకు దగిన సెలవులు, పెంటపెద్దలకు నుపాధ్యాయులతో సమానమైన పీఠము. పాఠశాలా పండితులు చెంచుల నోట నున్న చెట్ల పేర్లను, గడ్డల పేర్లను, జాడల మాటలను సేకరించి వాచకముల జేర్తురేని తెలుగు నిఘంటువునకును లాభమే. ఆ మాటల నెఱిగిన వృద్ధులు తగ్గుచున్నారు గనుక నీ పని యాలస్యమునకు దాళదు.