మందులో మందు

ఆకునీ బెరడునీ సారాలో నానబెట్టి ఔషధం తీయడం కుండల్లో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కథ

మాత్రల అట్టలు ఇంతగా రాకముందు సర్కారు ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఖాళీ సీసా వెంట పట్టుకెళ్లేవారు. కిటికీ అవతల కాంపౌండరు పెద్ద జాడీలోంచి మిక్స్చర్ కొలిచి పోసేవాడు. పళ్లు పళ్లుగా కత్తిరించిన కాగితం సీసా పక్కన అంటించి, పూటకో గీత తాగమనేవాడు. కడుపుబ్బరానికి ఇచ్చే మిక్స్చర్ చాలాసార్లు ఎర్రగా ఉండేది. ఆ రంగు యాలకుల టింక్చర్‌ది. యాలకులు, దాల్చినచెక్క, షాజీరా స్పిరిట్‌లో నానబెట్టి, కొచినీల్ అనే పురుగు నుంచి తీసిన రంగు కలిపితే ఆ టింక్చర్ తయారవుతుంది. సూది గుచ్చిన చోట దూది అద్ది మూసే టింక్చర్ బెంజాయిన్ కూడా మనకి కొత్తదేమీ కాదు. అది మన సాంబ్రాణే, స్పిరిట్‌లో కరిగించింది. ఇంగువకీ టింక్చర్ ఉండేది, అల్లానికీ ఉండేది. ఆస్పత్రి అలమారలోని సీసాల్లో సగం సరుకు మన పోపులపెట్టెలోదే.

తెలుగులో మందు అంటే రోగం తగ్గించేదీ మందే, సాయంత్రం నలుగురు కూర్చుని పుచ్చుకునేదీ మందే. అభిని కూడా మనం నల్లమందు అన్నాం. ఈ అర్థాలు కలిసిపోయిన చోటే టింక్చర్ పుట్టింది. సీసాలో ఉన్నది ఏ మందు అన్న తగువు కూడా అప్పటినుంచే ఉంది.

ఊట పెట్టిన వైద్యులు

మొక్కలోని సారాన్ని నీళ్లలోకి దించడం తేలిక. ఒక వంతు మూలికకి పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాస్తే కషాయం. శార్ఙ్గధర సంహిత చెప్పిన కొలత ఇది. చిక్కల్లా నిల్వతోనే. ఉదయం కాచిన కషాయం మర్నాటికి పులుస్తుంది, ఆ మర్నాడు బూజు పడుతుంది. శొంఠి, పిప్పళ్లు ఏడాది పొడవునా దొరుకుతాయి కానీ కొన్ని పూలూ వేళ్లూ అదనులోనే దొరుకుతాయి. దొరికినప్పుడు పట్టి ఉంచే ఉపాయం కావాలి.

ఆ పులుపునే మన వైద్యులు పనికి పెట్టుకున్నారు. కషాయం కాచి బెల్లం వేసి పులియబెడితే అరిష్టం. కాచకుండా పచ్చి మూలికతోనో రసంతోనో చేస్తే ఆసవం. ఈ తేడా చెప్పిందీ శార్ఙ్గధరుడే. అంతకు చాలాముందు చరక సంహిత సూత్రస్థానం ఆసవాలకు పనికొచ్చే ద్రవ్యాలు 84 అని లెక్క తేల్చింది. ధాన్యాలు 6, పండ్లు 26, వేళ్లు 11, చేవలు 20, పూలు 10, కాండాలు 4, ఆకులు 2, బెరడులు 4, చివరికి చక్కెర ఒకటి. ఇంత పద్దు రాయాలంటే అప్పటికే ఎన్ని కుండలు పులిసి ఉండాలో ఊహించుకోవచ్చు.

కుండ లోపల నెయ్యి పూస్తారు. ధాతకీ పూలు వేస్తారు, కొన్నిటికి ఇప్పపూలు. పులియబెట్టే ఈస్టు ఈ పూలనే అంటిపెట్టుకుని వస్తుంది. మూకుడు మూసి, గుడ్డ చుట్టి, మట్టి మెత్తి, ధాన్యపు రాశిలో నెలరోజులు పూడ్చి పెడతారు. రాశి లోపల వేడి పెద్దగా మారదు కాబట్టి ఊట ఒకే తీరుగా సాగుతుంది. కుండకి చెవి ఆనిస్తే మొదట బుసబుస వినిపిస్తుంది. వెలిగించిన పుల్ల మూతి దగ్గర పెడితే లోపలి బొగ్గుపులుసు వాయువుకి ఆరిపోతుంది. చప్పుడు ఆగి, పుల్ల ఆరకుండా వెలిగితే పని పూర్తయినట్టు.

ఇందులో బెల్లాన్ని సారాగా మార్చేది ఈస్టే. సారా ఒక మోతాదు దాటితే ఆ ఈస్టే చచ్చిపోతుంది. అందుకే అరిష్టంలో సారా సుమారు అయిదు నుంచి పన్నెండు శాతం మధ్య ఆగుతుంది. దశమూలారిష్టం బాలింతకీ, కలబందతో చేసే కుమార్యాసవం ఆడవాళ్ల నెలసరి బాధలకీ ఇచ్చేవారు. భోజనం తర్వాత సమానంగా నీళ్లు కలిపి పుచ్చుకోమనడం ఇప్పటికీ వాడుక. నాటుసారా బట్టీల మీద దాడి చేసిన పోలీసులు బెల్లపు ఊట పారబోశారని పేపర్లో చదువుతుంటాం. మొదటి మెట్టు వరకు ఆ ఊటకీ, అరిష్టపు కుండకీ తేడా మూలికలదే.

కాటుక నుంచి ఆల్కహాల్

యూరప్ రెండో మెట్టు ఎక్కింది. పులిసిన ద్రాక్షసారాని బట్టీ పట్టి, ఆవిరిని చల్లార్చి, గాఢమైన స్పిరిట్ తీసే పద్ధతి 12వ శతాబ్దంలో ఇటలీలోని సాలెర్నో వైద్యశాల పరిసరాల్లో కనిపిస్తుంది. నిప్పు తగిలితే అంటుకునే ఆ ద్రవాన్ని మండే నీరన్నారు, తర్వాత జీవజలమన్నారు. 13వ శతాబ్దంలో బొలోనా వైద్యుడు తద్దేవొ అల్దెరొత్తి మెలికలు తిరిగిన గొట్టాన్ని చన్నీళ్లలో ముంచి, మళ్లీ మళ్లీ బట్టీ పట్టి ఇంకా గాఢంగా తీశాడు. బట్టీ పట్టే పరికరాలూ ఒడుపూ అరబ్బుల దగ్గర నేర్చినవే. ఆల్కహాల్ అన్న మాట కూడా అరబ్బీదే. ‘అల్ కుహుల్’ అంటే కంటికి పెట్టుకునే కాటుక. మెత్తగా నూరిన పొడికి, ఆ తర్వాత ఏ వస్తువు నుంచైనా తీసిన సారానికి ఆ పేరు పాకింది. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ అనే వైద్యుడు దాన్ని ద్రాక్షసారా స్పిరిట్‌కి తగిలించాడు. టింక్చర్‌కి మూలమైన లాటిన్ మాటకి అర్థం రంగు అద్దడం. ఆకు వేసిన స్పిరిట్ రంగెక్కుతుంది కాబట్టి ఆ పేరు.

గాఢమైన స్పిరిట్ చేతికి రావడంతో మొక్కలో అదివరకు దొరకనివీ దొరికాయి. నీరు జిగురునీ వగరునీ లాగుతుంది, స్పిరిట్ గుగ్గిలాన్నీ తైలాన్నీ లాగుతుంది. అల్లంలోని ఘాటు, సాంబ్రాణిలోని బంక నీళ్లకి లొంగవు. పైగా స్పిరిట్‌లో బూజు పట్టదు, కాబట్టి ఏళ్లు నిల్వ ఉంటుంది. ఒకప్పుడు గ్లాసెడు తాగాల్సిన మందు చుక్కల్లోకి కుదించుకుపోయింది. ఈ సౌకర్యమే తర్వాత ప్రమాదంగా మారింది.

వంటింటి పక్క గది

ఇంగ్లండ్‌లో పెద్ద ఇళ్లలో వంటింటి పక్కనే బట్టీ గది ఉండేది. ఇంటి యజమానురాలు అక్కడే గులాబీ నీరు తీసేది, దగ్గుకీ జ్వరానికీ మూలికల స్పిరిట్ కట్టేది. కూతురికి వంటల పుస్తకంతో పాటు మందుల కొలతలూ చేతిరాతలో ఇచ్చేది. లండన్ వైద్యుల సంఘం తన ఔషధ గ్రంథాన్ని లాటిన్‌లో ఉంచింది. 1649లో నికొలస్ కల్పెపర్ దాన్ని ఇంగ్లిషులోకి దింపి సంఘం కోపానికి గురయ్యాడు. 1652లో చవకగా మొక్కల వైద్యం పుస్తకం కూడా తెచ్చాడు. మందు చేసే హక్కు ఎవరిది అన్న తగువు అప్పటికే రాజుకుంది.

అప్పటి టింక్చర్లలో పేరుపడ్డది లాడనం. ఇంగ్లిష్ వైద్యుడు థామస్ సిడెనామ్ 1676లో అచ్చు వేసిన కొలత ఇది: రెండు ఔన్సుల నల్లమందు, ఒక ఔన్సు కుంకుమపువ్వు, ఒక్కో డ్రాము చొప్పున దాల్చినచెక్క, లవంగాలు, వీటికి ఒక పింటు కేనరీ ద్రాక్షసారా. విరేచనాలు ఆగేవి, నొప్పి తగ్గేది, నిద్ర పట్టేది, అలవాటూ పట్టేది. పసిపిల్లలకీ పోశారు. పంటి నొప్పికి లాడనం మొదలుపెట్టి బానిసైన రచయిత థామస్ డి క్విన్సీ ఆ కథని 1821లో రాశాడు. 1868లో చట్టం వచ్చేదాకా బ్రిటన్‌లో నల్లమందు కొట్లో ఉప్పు కొన్నట్టు కొనేవారు.

కొలతల్లో ఇంకో చిక్కుంది. వసనాభి టింక్చర్ ఒక దేశంలో ఒక పాళ్లలో, పక్క దేశంలో ఇంకో పాళ్లలో ఉండేది. పేరు ఒకటే కాబట్టి ఊరు మారిన రోగికి అదే మోతాదు ప్రాణాంతకం కావచ్చు. 1902లో బ్రస్సెల్స్‌లో పలు దేశాలు కూర్చుని, తీవ్ర ప్రభావం గల మొక్కల టింక్చర్లు పది శాతం ఉండాలని తేల్చాయి. 1906లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

మద్రాసులో మన మొక్కల పేర్లు

కంపెనీ వైద్యులు మన దేశంలో దిగాక విలాయతీ మందులు ఓడలో ఎండిపోయో కుళ్లిపోయో చేరేవి. అందుకే స్థానిక మొక్కల మీద కన్ను పడింది. 1813లో మద్రాసులో వైట్లా ఐన్స్‌లీ అచ్చు వేసిన హిందుస్థాన్ ఔషధ గ్రంథంలో తెలుగు పేర్లున్నాయి. 1839లో కలకత్తాలో ఒషానెసీ గంజాయిని స్పిరిట్‌లో దించి ధనుర్వాతానికీ కలరాకీ వాడి చూశాడు. 1868లో వేరింగ్ కూర్పులో భారత ఔషధ గ్రంథం వెలువడింది. దానికి 1869లో మద్రాసు నుంచే మొహిదీన్ షరీఫ్ అనుబంధం రాశాడు. ట్రిప్లికేన్ డిస్పెన్సరీలో పనిచేసిన ఈ డాక్టర్ ఒక్కో మొక్కకి తెలుగుతో సహా ఎన్నో భాషల పేర్లు పక్కపక్కన చేర్చాడు. పేరు తప్పితే వేరు మారుతుంది, వేరు మారితే రోగి మిగలడు అన్నది అతని పట్టుదల వెనకున్న నిజం. 1900లో బ్రిటిష్ ఔషధ గ్రంథానికి వచ్చిన వలస దేశాల అనుబంధంలో మన తిప్పతీగ టింక్చర్‌కి చోటు దొరికింది.

ఇలాంటి మందుల్ని మనవాళ్లే చేసి అమ్మాలని అంతకుముందే, 1892లో, రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ కలకత్తాలో తన అద్దె ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. కళాశాలలో పాఠం చెప్పి వచ్చి ఇంట్లో మందులు కట్టేవాడు. 1901లో అది బెంగాల్ కెమికల్ కంపెనీ అయింది. అడ్డసరం, నేలవేము, పాలకొడిశ, వాము విలాయతీ సీసాల పక్కన నిలబడింది ఆ తరంలోనే.

అల్లం టింక్చర్ రోజులు

మద్యనిషేధం పెట్టిన ప్రతిచోటా జనం కళ్లు మందుల షాపు మీద పడ్డాయి. అల్లం టింక్చర్‌లో సారా పాలు విస్కీ కంటే ఎక్కువ. అమెరికాలో నిషేధం రోజుల్లో జనం దాన్ని మత్తు కోసం తాగకుండా ఉండాలని, అందులో అల్లం ఘన పదార్థం ఇంత ఉండాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. కల్తీదారులు పరీక్షని దాటడానికి అల్లం తగ్గించి, ప్లాస్టిక్, వార్నిష్ పనుల్లో వాడే ఒక రసాయనం కలిపారు. 1930లో వేలాది మందికి కాళ్లు చచ్చుబడ్డాయి.

మన దగ్గర రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబర్ 1న సేలంలో నిషేధం మొదలుపెట్టింది, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పాకించింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. కల్లు దుకాణం మూసిన ఊళ్లలో అల్లం టింక్చర్ సీసాకి గిరాకీ పెరిగింది. అది అజీర్తికి కొంటున్నాడా, ఆ రాత్రికి కొంటున్నాడా అని కొట్టువాడు అడగడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబర్‌లో ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం తగువు మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమంటూనే ఔషధ వాడుకకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ఎంతవరకన్నది కోర్టుకెక్కింది. బొంబాయి నిషేధ చట్టం మీద బల్సారా వేసిన కేసులో 1951లో సుప్రీంకోర్టు, సారా కలిసిన మందులకీ సింగారపు సామగ్రికీ నిషేధం వర్తించదని తేల్చింది. 1955లో అలాంటి తయారీలన్నిటికీ దేశమంతా ఒకే తీరు పన్ను చట్టం వచ్చింది. అంతటితో ఆగలేదు. 2024 అక్టోబర్ 23న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, తాగడానికి పనికిరాని పారిశ్రామిక స్పిరిట్ కూడా మత్తు ద్రవ్యం కిందికే వస్తుందని, దాని మీద అధికారం రాష్ట్రాలదని ఎనిమిది ఒకటి తేడాతో చెప్పింది. మన వాడుక భాషలో ఎప్పుడూ కలిసే ఉన్న రెండు మందుల్ని విడదీయడానికి కోర్టుకి ఇన్నేళ్లు పట్టింది, ఇంకా పూర్తిగా తెమలలేదు.

ఇంట్లో చేసుకోవచ్చా?

పద్ధతి చాలా సులువు. అయిదు వంతుల స్పిరిట్‌లో ఒక వంతు దంచిన ఎండు మూలిక వేసి, మూత బిగించి, రోజూ కదుపుతూ వారం ఉంచి, వడగట్టి, రంగు సీసాలో పోస్తే టింక్చర్ తయారు. అమెరికాలో మనవాళ్లు వోడ్కాలో వెనిల్లా కాయలు చీల్చి వేసుకుంటున్నదీ ఇదే. అక్కడి చట్టం వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలంటుంది.

ఇక్కడ మాత్రం మూడు మాటలు మరవకండి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో మిథైల్ ఆల్కహాల్ కలిపి ఉండవచ్చు. అది కళ్లు పోగొడుతుంది, ప్రాణం తీస్తుంది. తాగే మందులోకి అది చుక్క కూడా పనికిరాదు. రెండో మాట, స్పిరిట్‌కి మంచీ చెడూ తెలియదు. ఉమ్మెత్తలోని విషాన్నీ గన్నేరులోని విషాన్నీ కూడా అది గాఢంగానే దించుతుంది. ఆకు గుర్తులో చిన్న పొరపాటు కషాయంలో కంటే ఇక్కడ ఎక్కువ చేటు చేస్తుంది. మూడోది, ఇంట్లో బట్టీ పెట్టి సారా తీయడం నేరం.

దగ్గుకి అడ్డసరం, జలుబుకి తులసీ మిరియాలూ కాచుకోవడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. అరిష్టం కావాలంటే పేరున్న తయారీది కొని, లేబుల్ మీద సారా ఎంత శాతమో చదవండి. చిన్నపిల్లలకీ గర్భిణులకీ వైద్యుడు చెప్పనిదే పట్టకండి. మిగతా రోజుల్లో పదహారు వంతులు పోసి ఎనిమిదో వంతుకి కాచి ఏ పూటకాపూట తాగేయండి. మిగిలింది దాచవద్దు.