జాడ దొరికింది... జీవి దొరకలేదు

1976. అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్య.

నీళ్ల అడుగున దాగిన పర్వతశ్రేణి మీదుగా ఒక అమెరికా పరిశోధన నౌక మెల్లగా సాగుతోంది. దాని వెనక తీగకు వేలాడుతున్న కెమెరా సుమారు మూడున్నర కిలోమీటర్ల లోతులో నేలను ఫొటోలు తీస్తోంది. సూర్యకాంతి ఎన్నడూ చేరని చోటు అది. భూగర్భ శాస్త్రవేత్త పీటర్ రోనా అక్కడ వేడినీటి ఊటల కోసం గాలిస్తున్నారు.

ఫిల్ములు కడిగి చూస్తే బురద మీద చుక్కలు కనిపించాయి. అవన్నీ చిన్న చిన్న కన్నాలు. వరస తప్పకుండా ఆరు పలకల ఆకారంలో పేర్చినట్టున్నాయి, గీతలు కలపకుండా వదిలేసిన చుక్కల ముగ్గులా. ఒక్కో ఆకారం అరచేతిలో పట్టేంత. ఏ జీవి పనో తేలలేదు. 1978లో రోనా, ఆయన సహచరుడు ఆ ఫొటోలను ప్రచురించారు.

జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో అడాల్ఫ్ సైలాకర్ వాటిని చూశారు. ఆ ఆకారం ఆయనకు కొత్త కాదు. సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దాన్ని అంతకుముందే చూసి ఉన్నారు. వెంటనే రోనాకు కబురు పంపారు.

ఎవరిది కాదు, ఏం పని?

సైలాకర్ 1925లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసి, తిరిగొచ్చి చదువు అందుకున్నారు. ఎముకలు, గుల్లల మీద పరిశోధనలకు కొదవ లేని ఆ రోజుల్లో ఆయన మనసు రాతిలో మిగిలిన బొరియల మీదికి మళ్లింది. మెత్తని ఒంటి పురుగు చచ్చిపోతే దాని ఒళ్లు దాదాపు ఎప్పుడూ మిగలదు. అది తవ్విన బొరియ మిగలొచ్చు. గుల్లను అలలు ఎక్కడికైనా మోసుకుపోతాయి. బొరియ మాత్రం ఆ జీవి బతికిన చోటే ఉంటుంది.

అయితే వీటిని వర్గీకరించడమెలా? ఒకే జీవి నాలుగు రకాల జాడలు వదలగలదు. నాలుగు వేర్వేరు జీవులు ఒకేలాంటి బొరియ తవ్వగలవు. అందుకే 1953లో సైలాకర్ ప్రశ్ననే మార్చేశారు. తవ్విందెవరు అని కాక, ఏం చేస్తూ తవ్వింది అని అడిగారు. కాపురమున్న బొరియలు, తిండి కోసం తవ్వుకున్న సొరంగాలు, మేస్తూ తిరిగిన దారులు, పాకిన చారలు, ఆగి సేదతీరిన గుర్తులు అంటూ ఐదు వర్గాలు చేశారు.

ఆ తర్వాత ఇంకో సంగతి బయటపడింది. అలలు కొట్టే ఒడ్డు ఇసుకలో నిలువు గొట్టాలు ఎక్కువ. తిండి కరువైన లోతుల్లో అంగుళం నేల కూడా వృథా చేయని అల్లికలు ఎక్కువ. అంటే ఒక కొండరాతిలోని బొరియల తీరు చూసి, అక్కడ ఒకప్పుడున్న సముద్రం ఎలాంటిదో అంచనా వేయొచ్చు.

ఆ లోతుల అల్లికల్లో ఒకటి పేలియోడిక్టియాన్. స్పెయిన్ ఉత్తర తీరపు కొండల్లో అది ఇసుకరాతి పలకల అడుగువైపున కనిపిస్తుంది. దానికో కారణముంది. సముద్రపు వాలు మీది నుంచి ఇసుకా బురదా కలిసిన ప్రవాహం విరుచుకుపడినప్పుడు నేల పైపొర కొట్టుకుపోతుంది. లోపలి సన్నటి సొరంగాలు తెరుచుకుంటాయి, ఆ వెంటనే ఇసుక వాటిని నింపేస్తుంది. అది రాయిగా మారాక పలకను తిరగేస్తే ఆరు పలకల గళ్ల వల ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. గీతల మీద సమదూరంలో బుడిపెలు కూడా ఉంటాయి. బుడిపె ఉన్నచోటల్లా పైకి ఒక కన్నం ఉండేదని సైలాకర్ ఊహించారు. లోపలున్న జీవి ఆ సొరంగాల్లో సూక్ష్మజీవులను పెంచి తినేదని, అదొక రకమైన సాగు అని ప్రతిపాదించారు.

రాతిలో గీతలున్నాయి, చుక్కలు పోయాయి. రోనా ఫొటోల్లో చుక్కలున్నాయి, గీతలు కనిపించడం లేదు. ఆ రెండూ ఒకటేనా?

నీటిధార

2003లో రోనా, సైలాకర్‌ల బృందం ఆల్విన్ జలాంతర్గామితో ఆ నేలను మళ్లీ వెతికింది. ముగ్గురు మాత్రమే పట్టే ఆ లోహపు గోళం అడుగుకు చేరడానికే సుమారు రెండు గంటలు పడుతుంది. దీపాల వెలుగులో చుక్కలు కనిపించాయి. వాటి మీదికి మెత్తగా నీటిధార వదిలారు. అలనాటి ప్రవాహం చేసిన పనినే మనుషులు నెమ్మదిగా చేశారన్నమాట. పైబురద పొర లేచిపోగానే కింద ఆరు పలకల సొరంగాల వల బయటపడింది. రాతిలో ఉన్నదే!

ఇక దాన్ని కట్టిన జీవి కోసం వెతికారు. గొట్టాలు గుచ్చి మట్టిని పైకి తెచ్చి జల్లెడ పట్టారు. డీఎన్ఏ కోసం గాలించారు. ఇది దానిదే అని చెప్పగల జీవి ఒక్కటీ దొరకలేదు. అది బొరియేనని సైలాకర్ వాదన. స్పాంజి వంటి జీవి శరీరపు అచ్చు కావచ్చునన్నది మరో వాదన. 2009లో అచ్చయిన వాళ్ల పరిశోధన పత్రంలోనూ ఆ చిక్కుముడి వీడలేదు. 2014 ఫిబ్రవరిలో రోనా, ఏప్రిల్‌లో సైలాకర్ కన్నుమూశారు.

దీన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. జీవి దొరికాకే పేరు పెడదామని కూర్చుని ఉంటే, ఆ రాతిగీతలకు ఎవరూ పేరు పెట్టేవారు కాదు. ఫొటోల్లోని చుక్కలను పోల్చుకునేవారూ ఉండేవారు కాదు. చేసిందెవరో తెలియకపోయినా చేసిన పనిని శ్రద్ధగా చూసి, దానికంటూ ఒక స్థానం ఇచ్చారు కనుకనే 5 కోట్ల ఏళ్ల దూరంలో ఉన్న రెండు ఆనవాళ్లు ఒకచోట కలిశాయి. రేపు ఆ జీవిని పట్టుకునేవాళ్లు ఎక్కడ వెతకాలో, ఏ లోతులో వెతకాలో, ఎంత మందం బురద తొలగించాలో ముందే తెలుసుకుని బయల్దేరతారు.