చెరువు కట్ట మీది చిన్న కోడలు

దెయ్యాలున్నాయా లేవా అని మీరు పగటిపూట అడిగితే లేవనే అంటాను. రాత్రి కరెంటు పోయాక అడిగితే మాత్రం కాస్త ఆలోచించి చెబుతాను! బి.ఏ.లో హిస్టరీ చదువుకున్నదాన్నే, నాలుగు నవలలు రాసినదాన్నే. అయినా చిన్నప్పుడు అవ్వ పక్కలో పడుకుని విన్న కథలు ఎక్కడికి పోతాయి చెప్పండి?

మా ఊరి చెరువు కట్ట మీద వానరాత్రుల్లో గజ్జెల చప్పుడు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. పసుపు చీర కట్టుకున్న ఆడమనిషి ఒకతె దీపం పట్టుకుని కట్ట ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడుస్తుందట. సెకండ్ షో చూసి వచ్చే మగవాళ్ళు నలుగురు పోగయితే తప్ప ఆ దారిన అడుగు వేసేవాళ్ళు కాదు. మా అవ్వ మాత్రం పొలం దగ్గర్నుంచి చీకటి పడ్డాక కూడా ఒక్కతే వచ్చేసేది. "నీకు భయం కాదా అవ్వా?" అని అడిగితే, "ఎందుకు మ్మే భయం? ఆమె కూడా కోడలే కదా" అనేది.

ఆ 'కోడలు' ఎవరో ఆ తర్వాత తెలిసింది. అవ్వ పుట్టిల్లు అనంతపురం పక్క. అక్కడి బుక్కరాయసముద్రం చెరువు కథనే మా ఊరి కట్టకు కూడా తగిలించి చెప్పేది.

కథ మీలో చాలామందికి తెలిసిందే. ఒక ఏడు ఎడతెరిపి లేకుండా వానలు కురిశాయి. చెరువు నిండి కట్ట తెగబోతోంది. ఊరంతా ఒక చోట చేరి దేవతకు మొక్కుకుంటే, బసిరెడ్డిగారి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప నీళ్ళు ఆగవని వాక్కు వినపడింది. పేరుకే ముసలమ్మ, వయసుకి పడుచుది. ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. పెద్దలకు దండం పెట్టి, పసుపు కుంకుమలతో వెళ్ళి గండిలో దిగింది. కట్ట నిలబడింది. ఆమె దేవత అయింది.

ఇది కేవలం అవ్వల నోట నలిగిన కథ అనుకుంటే పొరపాటే. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇరవై ఏళ్ళు కూడా నిండకుండానే, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటూ, 1899లో ఒక పోటీ కోసం 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. ఆ కథ ఆయనకు దొరికింది బ్రౌన్ దొర అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలో. రాజుల యుద్ధాల మధ్య, కోటలూ కప్పాల లెక్కల మధ్య, ఒక రైతు ఇంటి కోడలు వచ్చి నిలబడిందన్నమాట. మన సాహిత్యంలో కొత్త కావ్యానికి నాంది ఆ పుస్తకంతోనే అని చెప్పేవాళ్ళున్నారు.

ఆ మధ్య ఈ కథే మా అమ్మాయికి చెప్పాను. అది ఇంజనీరింగు చదువుతోంది, దెయ్యాలంటే నవ్వే రకం. కథంతా బుద్ధిగా విని రెండే ప్రశ్నలు వేసింది. "పెద్ద కోడలు ఎందుకు కాదమ్మా? అసలు ఆ టైములో ఆ పిల్ల మొగుడెక్కడున్నాడు?"

నాకు జవాబు తోచలేదు. అవ్వ ఆ సంగతులెప్పుడూ చెప్పలేదు మరి! చివరికి పొరుగు భాషలో దొరికింది. అనంతపురం సరిహద్దు దాటితే కన్నడదేశమే కదా. అక్కడ 'కెరెగె హార' అని ఒక పాట ఉంది. చెరువుకు బలి అని అర్థం. కల్లనకేరి మల్లనగౌడ చెరువు తవ్వించాడు, బొట్టు నీరు పడలేదు. శాస్త్రం అడిగితే కోడలిని బలి ఇమ్మన్నారు. పెద్ద కోడలిని ఇస్తే ఇంటి పెద్దరికం ఎవరు చూసుకుంటారు, కనుక చిన్న కోడలు భాగీరథి అయితే సరి అనుకున్నారు. మొగుడు మాదేవరాయ సైన్యంలో ఉన్నాడు. ఆ పిల్ల గంగపూజ చేసి ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంటే, నీళ్ళు కూడా పాదాల నుంచి మెల్లగా పైకొచ్చాయి. మొగుడు వచ్చి, విషయం తెలిసి, అదే చెరువులో దూకాడు.

మా అమ్మాయి రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది చూశారా? పెద్ద కోడలు అక్కరకొచ్చే మనిషి. చిన్న కోడలు నిన్న మొన్న వచ్చిన మనిషి. ఆమె తరఫున మాట్లాడవలసినవాడు ఊళ్ళో లేడు. దేవత ఎవరిని కోరిందో మనకెలా తెలుస్తుంది గానీ, ఇంట్లో ఎవరి నోరు చిన్నదో ఆమె పేరే పలికిందన్నది మాత్రం తెలుస్తూనే ఉంది.

సరే, కథ పక్కన పెట్టి కాసేపు చరిత్రలోకి వెళ్దాం. అనంతపురం చెరువు 1364లో, మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు కట్టించాడని చరిత్ర. దానికి అయిదేళ్ళ తర్వాత, 1369లో, కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఇంకో పెద్ద చెరువు కట్టించి, ఆ వివరాలన్నీ శాసనంగా చెక్కించాడు. ఎంత చక్కటి శాసనమని! రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని అని లెక్క రాశాడు. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండని చెప్పాడు. ధర్మం తెలిసిన రాజుండాలి, నీటిశాస్త్రం తెలిసిన పండితుడుండాలి, నేల గట్టిదై ఉండాలి, మంచినీటి నది ఉండాలి, రాతికట్టు ఉండాలి, పనివాళ్ళు నేర్పరులై ఉండాలి. అలాగే ఆరు దోషాలు కూడా చెప్పాడు. కట్టలోంచి నీరు కారకూడదు, చవిటి నేల కాకూడదు, రెండు రాజ్యాల సరిహద్దున ఉండకూడదు, నడుమ మెట్ట ఉండకూడదు, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాకూడదు, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కాకూడదు.

పన్నెండు అంగాలూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. అందులో ఎక్కడా చిన్న కోడలు లేదు!

అంటే ఆరున్నర శతాబ్దాల కిందటే, ఈ సీమలోనే, కట్ట దేనివల్ల నిలుస్తుందో దేనివల్ల తెగుతుందో తెలిసినవాళ్ళున్నారు. పూడిక తీయకపోతే చెరువు లోతు తగ్గుతుంది. అదనపు నీరు వెళ్ళిపోయే మరవ సరిగ్గా లేకపోతే నీళ్ళు కట్ట మీదికెక్కుతాయి. మట్టికట్ట మీదుగా ఒకసారి నీరు పొర్లిందంటే ఇక కోసుకుపోవడమే. ఇవన్నీ ఎండాకాలంలో చూసుకోవలసిన పనులు. అప్పుడు చూసుకోనివాళ్ళు వానాకాలంలో దేవతను అడుగుతారు, దేవత కోడలిని అడుగుతుంది!

అలాగని ఈ కథలను మూఢనమ్మకాలని కొట్టిపారేయడానికీ నాకు మనసొప్పదు. ఎందుకంటే పోరుమామిళ్ళ శాసనంలో రాజు పేరుంది, ఆయన వంశం ఉంది. తట్టలు మోసిన ఆ వెయ్యిమందిలో ఒక్క కూలిమనిషి పేరు లేదు. ముసలమ్మ పేరు ఏ రాజూ చెక్కించకపోయినా నిలిచింది. ఊరు చేసిన పని ఊరిని నిద్రపోనివ్వలేదేమో, గుడి కట్టింది, చీర పెట్టింది. గుడి కట్టని చోట ఆమే గజ్జెల చప్పుడైంది. దేవతైనా దెయ్యమైనా, కాలం తీరకుండా పోయిన ఆడపిల్లను మరిచిపోకుండా ఉండడానికి మనవాళ్ళకు తెలిసిన దారులు అవే కాబోలు. అనంతపురం వాళ్ళు ఇప్పటికీ 'ముసలమ్మ కట్ట' అంటారు.

మా అవ్వ అయిదుగురు కోడళ్ళలో చిన్నది. చివర్న తినేది. ఇంట్లో ఏది తక్కువైనా మొదట తగ్గేది అవ్వ కంచంలోనే. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా, అవ్వ పోయాక, మా పెద్దత్త చెబితే తెలిసింది. అప్పుడనిపించింది, చీకట్లో ఆ కట్ట మీద ఒంటరిగా నడిచి వచ్చినప్పుడల్లా అవ్వకు తోడు దొరికిందేమోనని. మగవాళ్ళకు దెయ్యంలా వినిపించిన గజ్జెలు ఆమెకు తోడికోడలి మువ్వల్లా వినిపించి ఉంటాయి.

అందుకే ఈ కథలు పిల్లలకు చెప్పడం మానొద్దనే అంటాను. దీపం తగ్గించి, గొంతు తగ్గించి, ఎలా చెప్పాలో అలాగే చెప్పండి. కాకపోతే "ఆ తల్లి ఊరిని కాపాడింది" అన్న దగ్గర ఆపెయ్యకుండా, "ఆ ఏడు మరవ ఎవరూ బాగు చేయించలేదేమో" అని ఒక్క మాట కలపండి. పిల్లలు ఊరుకోరు, ప్రశ్నలడుగుతారు. అడగనివ్వండి. ముసలమ్మ తరఫున ఆ రోజు అడగడానికి ఎవరూ లేకపోయారు మరి.