రంగం నుంచి వచ్చిన కౌసే

కొన్నేళ్ళ క్రితం సింగపూరులో ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు, మా టీమ్‌లో ఒక ఇండోనేషియా కుర్రాడు లంచ్‌కి లాక్కెళ్ళి లక్సా తినిపించాడు. కొబ్బరిపాల పులుసు, అందులో నూడుల్స్, పైన కారం. మొదటి చెంచాకే నేను తగరపువలసలో మా వంటింట్లోకి వచ్చి పడ్డాను. "చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ ఇదే చేసేది" అన్నాడు వాడు. "మా నాన్నమ్మ కూడా దాదాపు ఇదే చేసేది" అన్నాను. వాడు నమ్మలేదు. ఇడ్లీ దోసె తినే ఆంధ్రా వాళ్ళింట్లో ఇదెందుకు ఉంటుందని వాడి అనుమానం. న్యాయమే కదా :)

మా ఇంట్లో దాన్ని "కౌసే" అనేవాళ్ళం. అసలు పేరు ఔనో ఖావ్ స్వే. బర్మా భాషలో ఔనో అంటే కొబ్బరిపాలు, ఖావ్ స్వే అంటే నూడుల్స్. ఎనభైల్లో మా ఊళ్ళో నూడుల్స్ ఎక్కడ దొరుకుతాయి? నాన్నమ్మ మైదాపిండి కలిపి, పల్చగా ఒత్తి, చాకుతో సన్నగా కోసి ఉడకబెట్టేది. కోడికూర పులుసులో కొబ్బరిపాలు పోసి, చిక్కదనానికి శనగపిండి కలిపేది. తినేటప్పుడు పచ్చి ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు, వేయించి నలిపిన ఎండుమిర్చి, నిమ్మకాయ.. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవడమే. ఇంకో రోజు మొహింగా. అది చేపల పులుసు, దాంట్లో అరటి దూట ముక్కలు, నిమ్మగడ్డి. సంతకెళ్తే అందరూ కూరగాయలు చూస్తే, ఆవిడ అరటి దూట కోసం వెతికేది.

అసలు ఇదంతా మా ఇంటికి ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. మా ఉత్తరాంధ్రలో రంగూన్‌ని "రంగం" అంటారు. మా పక్కనే ఉన్న భీమిలి రేవు నుంచి, అలాగే విశాఖ, కళింగపట్నం, కాకినాడల నుంచి స్టీమర్లు రంగం వెళ్ళేవి. ఊళ్ళో కరువొస్తే రంగం, అప్పులైతే రంగం. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని చేయడం, రిక్షాలు లాగడం మనవాళ్ళ వంతు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగువాళ్ళకి "కోరంగీలు" అనే పేరొచ్చింది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేల మంది భారతీయులే, అంటే సగానికి పైనే!

అంతమంది ఉంటే స్థానికులకి కడుపు మండదా? 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమయ్యాక ఆ కొత్తవాళ్ళని పొమ్మన్నారు. దాంతో గొడవలై వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. లాభం యజమానులది, దెబ్బలు కూలీలవి. ఈ కథ మనం వేరే పేర్లతో ఇప్పటికీ వింటూనే ఉన్నాం కదా.

1941 డిసెంబరు 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఆ తర్వాత నాలుగైదు లక్షల మంది భారతీయులు బయల్దేరారు, చాలామంది కాలినడకనే, అడవుల్లోంచి. దారిలో వేలకి వేలమంది పోయారు. మా తాత వాళ్ళు కదల్లేక అక్కడే ఉండిపోయారు. యుద్ధం అయ్యాక చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు. ఇక అదే మన ఊరు అనుకున్నారు. 1962 మార్చిలో నే విన్ సైన్యంతో అధికారంలోకి వచ్చాడు. 1964 మార్చిలో కొట్లన్నీ జాతీయం చేశారు, మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. కొట్టు పోయింది, దాచుకున్నదీ పోయింది. ఆ దశకంలో సుమారు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. మా వాళ్ళు 1965లో విశాఖలో ఓడ దిగారు. కొంతమంది కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో స్థిరపడ్డారు. మా తాతకి చిట్టివలస జూట్ మిల్లులో పని దొరికి ఇటు వచ్చారు. అప్పటికి ఎనిమిదేళ్ళున్న మా నాన్న ఇప్పటికీ తిట్, న్హిట్, తోన్, లే, ఙా అని అయిదు దాకా లెక్కపెడతారు. ఆయనకి మిగిలిన బర్మా అంతే.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అయిదో క్లాసులో నా క్యారేజీలో కౌసే చూసి ఒకడు "వానపాములు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్ళి నాన్నమ్మ మీద అరిచాను, ఇంకెప్పుడూ అది పెట్టొద్దని. "నీకు నచ్చాపోతే మానేద్దుం, ఏటయిపోద్ది" అంది. నిజంగానే మానేసింది. నాకు మాత్రమే కాదు, ఇంట్లో చేయడమే తగ్గించేసింది. రంగంలో "కోరంగీ", ఇక్కడ "బర్మా వాళ్ళు". ఆవిడకి తనదనిపించే చోటు ఆ ఒక్క గిన్నెలోనే ఉందని నాకు పదేళ్ళ వయసులో ఏం తెలుసు? 2003లో ఆవిడ పోయింది. శనగపిండి ఎప్పుడు కలపాలో కూడా అడిగి రాసుకోలేదు.

చరిత్ర పుస్తకాల్లో నాకు ఈ కథ ఎక్కడా తగల్లేదు. సముద్రం దాటిన మొదటి తెలుగువాళ్ళం మనమే అన్నట్టు మాట్లాడుకుంటాం. వీసా, గ్రీన్ కార్డు, లేఆఫ్ అంటూ రాత్రుళ్ళు నిద్రపట్టక దొర్లుతున్నప్పుడు నాకు మా తాత కొట్టు గుర్తొస్తుంది. భయపెట్టడానికి అనడం లేదు. మనకన్నా చాలా తక్కువ చదువుతో, చాలా తక్కువ డబ్బుతో వాళ్ళు రెండుసార్లు మొదలుపెట్టారు అని మాత్రమే.

ఆ మధ్య వైజాగ్ వెళ్ళినప్పుడు మా నాన్నని బర్మా క్యాంపుకి తీసుకెళ్ళాను. బండి దగ్గర ఖావ్ స్వే తిన్నాం. "ఉప్పు తక్కువైంది, అమ్మ బాగా చేసేది" అన్నారు, కానీ గిన్నె ఖాళీ చేశారు. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారాలు నేనే వండుతున్నాను. రుచి ఇంకా కుదరలేదు. మా అమ్మాయి మాత్రం క్యారేజీలో కూడా పెట్టమంటోంది.

మీ ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఇంకా ఉంటే, ఈ ఆదివారం కూర్చుని అడగండి. ముందు ఏం తినేవారో అడగండి. మిగతావన్నీ వాళ్ళే చెప్తారు.