ట్యాబ్‌లో ‘స్టోరేజ్ ఫుల్’: డిలీట్ కొట్టే ముందు తెలుసుకోవాల్సినవి

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, ప్రభుత్వ బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. 4,59,564 మంది విద్యార్థులు, 59,176 మంది ఉపాధ్యాయులు, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు అని ప్రకటించింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో రెండో విడత ఇచ్చింది. మొదటి విడత పిల్లలు ఇప్పుడు పదో తరగతి దాటేశారు. ట్యాబ్‌లు మాత్రం ఇంకా ఇళ్లలో వాడుకలో ఉన్నాయి.

దళితవాడల్లో చదువుకీ సాంకేతికతకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్న నాకు మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ఊళ్లలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘మెమరీ ఫుల్ అంటోంది, ఏ యాప్ తెరిచినా మూసుకుపోతోంది, ఏం చేయాలి?’ దీనికి బజార్లో దొరికే జవాబు ‘మొత్తం కొట్టేయండి’ లేదా ‘కొత్తది కొనుక్కోండి’. రెండోది కూలి డబ్బులతో అయ్యే పని కాదు. మొదటిది ఒక్కోసారి అంతకంటే ఖరీదైన నష్టం తెస్తుంది.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతమే. కంప్యూటర్ లేని ఇంట్లో ఈ ట్యాబే స్కాలర్‌షిప్ దరఖాస్తుకీ, హాల్ టికెట్‌కీ, మార్కుల మెమోకీ, కుల ధ్రువీకరణ పత్రం ఫొటోకీ దిక్కు. అందుకే దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో, ఏది డిలీట్ చేయొచ్చో, ఏది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇందులో చాలావరకు పాత ఆండ్రాయిడ్ ఫోన్లకీ పనికొస్తుంది.

ముందు తేల్చుకోండి: స్టోరేజా, ర్యామా?

‘మెమరీ’ అని అందరం అనే మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. స్టోరేజ్ ఇంట్లో ట్రంకుపెట్టె లాంటిది. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు అందులో ఉంటాయి, ట్యాబ్ ఆపేసినా పోవు. ర్యామ్ వంటగట్టు లాంటిది. ఆ క్షణంలో జరుగుతున్న పనికి కావలసిన జాగా అది. పెట్టె ఖాళీ చేస్తే గట్టు పెద్దది కాదు. అందుకే కొందరు ఫొటోలన్నీ తీసేసినా యాప్‌లు మూసుకుపోవడం ఆగదు.

మొదటి విడతలో ఇచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ 2021లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. దాని ప్రాథమిక రకంలో ర్యామ్ 3 జీబీ, స్టోరేజ్ 32 జీబీ. ఆండ్రాయిడ్ సిస్టమ్ తన వాటా తీసుకున్నాక మనకు మిగిలేది ఇంకా తక్కువ. పైగా యాప్‌లు ప్రతి అప్‌డేట్‌కీ బరువెక్కుతుంటాయి. ట్యాబ్ చెడిపోలేదు, దాని మీద పడే బరువు పెరిగింది.

లక్షణాలను బట్టి ఇలా గుర్తుపట్టండి:

• యాప్ ఇన్‌స్టాల్ కాదు, అప్‌డేట్ సగంలో ఆగుతుంది, కెమెరా ఫొటో సేవ్ చేయనంటుంది: స్టోరేజ్ సమస్య.

• యాప్ తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంది, వేరే యాప్‌లోకి వెళ్లి వచ్చేసరికి పేజీ మొదటికొస్తుంది, టైప్ చేస్తే అక్షరం ఆలస్యంగా పడుతుంది: ఎక్కువగా ర్యామ్ సమస్య.

• ఒకే ఒక్క యాప్ మూసుకుపోతోంది, మిగతావి బాగానే ఉన్నాయి: ఆ యాప్ పాతబడింది. ప్లే స్టోర్‌లో దాన్నీ, క్రోమ్‌నీ, ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’నీ అప్‌డేట్ చేయండి.

శాంసంగ్ ట్యాబ్‌లో సెట్టింగ్స్‌లోని డివైస్ కేర్ తెరిస్తే స్టోరేజ్, మెమరీ విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ ‘మెమరీ’ అంటే ర్యామ్. తెలుగు మెనూ పెట్టుకున్నవారికి స్టోరేజ్ ‘నిల్వ’ అని కనిపించవచ్చు.

స్టోరేజ్ నిండితే: ఈ వరుసలో చేయండి

నష్టం లేని పని ముందు, ఆలోచించి చేయాల్సిన పని తర్వాత.

1. చెత్తబుట్ట ఖాళీ చేయండి. గ్యాలరీలో డిలీట్ చేసిన ఫొటోలు వెంటనే పోవు, 30 రోజులు ‘రీసైకిల్ బిన్’లో ఉంటాయి. అంతవరకూ జాగా కూడా ఖాళీ కాదు. బిన్‌లో అవసరమైనది ఏదీ లేదని చూసుకున్నాకే ఖాళీ చేయండి.

2. వాట్సాప్ చూడండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే ఏ గ్రూపు ఎంత జాగా తింటోందో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసగా చూపిస్తుంది. గుడ్ మార్నింగ్ బొమ్మలు, పాటల వీడియోలు, పదిసార్లు ఫార్వర్డ్ అయిన ప్రసంగాలు అక్కడే దొరుకుతాయి. అదే పేజీలో మీడియా ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి. లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ నిండుతుంది.

3. క్యాష్ క్లియర్ చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, కావలసిన యాప్, స్టోరేజ్, ‘క్లియర్ క్యాష్’. యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న తాత్కాలిక ఫైళ్లే పోతాయి. దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ వేరు. అది నొక్కితే లాగిన్, సగం నింపిన ఫారాలు, యాప్‌లో దాచినవన్నీ పోతాయి. వాట్సాప్‌కి ‘క్లియర్ డేటా’ నొక్కితే బ్యాకప్ లేని చాటింగ్ అంతా పోయినట్టే.

4. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవండి. ఒకే ఆధార్ పీడీఎఫ్ ఐదారుసార్లు దిగి ఉంటుంది. ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్‌గా దాచిన వీడియోలు కూడా చూడండి.

5. వాడని యాప్‌లు తీసేయండి. బ్రౌజర్‌లో అయ్యే పనికి యాప్ అక్కర్లేదు. జ్ఞానభూమి, డిజిలాకర్, దీక్ష వెబ్‌సైట్లుగానూ పనిచేస్తాయి. పత్రాలను డిజిలాకర్‌లో పెట్టుకుంటే ఇంకో మేలుంది. అక్కడ జారీ అయిన పత్రాలను అసలు పత్రాలతో సమానంగా గుర్తించాలని ఐటీ నిబంధనలు చెబుతున్నాయి.

6. ‘క్లీనర్’, ‘బూస్టర్’ యాప్‌ల జోలికి పోకండి. అవే జాగా తింటాయి, ర్యామ్ తింటాయి, ప్రకటనలు కుమ్మరిస్తాయి, అనుమతుల పేరుతో ఫొటోలూ కాంటాక్టులూ చూస్తాయి.

స్టోరేజ్‌లో కనీసం రెండు మూడు జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అప్‌డేట్ దిగేటప్పుడు దాని సైజు కంటే ఎక్కువ జాగా తాత్కాలికంగా కావాలి.

ర్యామ్ చాలకపోతే: ఫారం పోకుండా కాపాడుకోవడం

ర్యామ్ తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే వెనకున్న యాప్‌లను మూసేస్తుంది. స్కాలర్‌షిప్ ఫారం సగం నింపి, ఓటీపీ కోసం మెసేజ్‌లలోకి వెళ్లి వచ్చేసరికి క్రోమ్ పేజీ ఖాళీగా కనిపించేది ఇందుకే. ఇలా రెండు మూడుసార్లు జరిగితే గడువు దాటిపోతుంది, లేదా నెట్ సెంటర్‌కి డబ్బు కట్టాల్సి వస్తుంది.

ర్యామ్ పెంచలేం గానీ, ఉన్నదాన్ని పొదుపుగా వాడొచ్చు. ముఖ్యమైన దరఖాస్తు నింపే ముందు ట్యాబ్‌ను రీస్టార్ట్ చేయండి. వేరే ఏ యాప్ తెరవకుండా నేరుగా బ్రౌజర్‌లోకి వెళ్లండి, ఒక్క ట్యాబ్ పేజీయే ఉంచండి. అప్‌లోడ్ చేయాల్సిన ఫొటో, పీడీఎఫ్‌లను ముందే సైజు తగ్గించి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఓటీపీ వేరే ఫోన్‌కి వస్తే మంచిదే. అదే ట్యాబ్‌కి వస్తే పైనుంచి నోటిఫికేషన్ కిందకు లాగి చూసి అంకెలు కొట్టండి, మెసేజ్ యాప్ తెరవకండి. పొడవైన వివరాలను ముందు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫారంలో ‘సేవ్’ ఉంటే ప్రతి పేజీకీ నొక్కండి.

చిన్న ర్యామ్‌తో ఇబ్బంది పడేది మనమొక్కరమే కాదు. 1 జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం గూగుల్ 2017లోనే ‘ఆండ్రాయిడ్ గో’ అనే తేలిక రకాన్ని తెచ్చింది. ఆండ్రాయిడ్ 13 వచ్చేసరికి దానికీ కనీసం 2 జీబీ కావాలన్నారు. చవక ఫోన్లున్న ప్రపంచమంతా ఇదే పరిగెత్తుడు.

డిలీట్ చేయకూడనివి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. మన వాడల్లో ఫోన్లలో, ట్యాబ్‌లలో ఉండేవి పెళ్లి వీడియోలే కావు. కులం పేరుతో తిట్టిన ఆడియో, దాడి జరిగిన రోజు తీసిన వీడియో, బెదిరింపు మెసేజ్, దారి మూసేసిన ఫొటో, పొలం దగ్గర గొడవ రికార్డింగ్ కూడా ఉంటాయి. జాగా కోసం పెద్ద ఫైళ్లు వెతికితే ముందు కనిపించేవి అవే.

సాక్ష్యం కోర్టులో నిలవకపోతే ఏమవుతుందో ఈ డెల్టాకి తెలుసు. 1991 ఆగస్టు 6న జరిగిన చుండూరు మారణకాండలో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కొట్టేసింది. అప్పట్లో చేతుల్లో కెమెరాలు లేవు. ఇప్పుడున్నాయి. ఉన్న రికార్డును ‘మెమరీ ఫుల్’ అని మనమే చెరిపేసుకోకూడదు.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కాపీతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు ‘హాష్ విలువ’ రాయాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య. ఫైలులో చిన్న మార్పు వచ్చినా ఆ సంఖ్య మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నొక్కుకుపోయి సైజు తగ్గుతుంది కాబట్టి అది వేరే ఫైలు కిందే లెక్క. అందుకని:

• అసలు ఫైలు ఏ పరికరంతో తీశారో అందులోనే ఉంచండి. కత్తిరించకండి, పేర్లు రాయకండి, పాట కలపకండి.

• ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి, తేదీ రాసి దాచండి.

• వాట్సాప్‌లో లాయరుకి పంపాల్సివస్తే గ్యాలరీ నుంచి కాకుండా ‘డాక్యుమెంట్’ అనే మార్గంలో పంపండి. అప్పుడు నొక్కుకుపోదు.

• గూగుల్ ఫొటోస్‌లో దాచాలంటే ‘ఒరిజినల్ క్వాలిటీ’ ఎంచుకోండి. జీమెయిల్ ఖాతాతో ఉచితంగా వచ్చేది మొత్తం 15 జీబీ. బ్యాకప్ అయిన ఫొటోను అదే యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ట్యాబ్‌లో జాగా కోసమైతే ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడండి. అయితే కేసుకు సంబంధించిన ఫైళ్లున్న ట్యాబ్‌లో అదీ వాడకండి, ట్యాబ్‌లో ఉన్న అసలు ఫైళ్లను అది తీసేస్తుంది.

పని హాజరు విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోలతో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫోన్ నిండి ఫొటో ఎక్కకపోతే పోయేది కూలీల మస్టర్. పనికి వెళ్లే ముందురోజు రాత్రే మేటు తన ఫోన్‌లో జాగా చూసుకోవాలి. అప్‌లోడ్ పూర్తయిందని రూఢి కాకముందే ఆ యాప్‌కి ‘క్లియర్ డేటా’ నొక్కకూడదు.

బడి ఇచ్చిన ట్యాబ్ అయితే

ఆ ట్యాబ్‌లలో బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి, నెట్ లేకపోయినా చూసేలా ఇచ్చారు. బైజూస్ మాతృసంస్థ మీద 2024 జూలై 16న దివాలా ప్రక్రియ మొదలైంది. పై తరగతులకు వెళ్లినవారికి ఎనిమిదో తరగతి వీడియోలు బరువే. అయినా తొందరపడి తీసేయకండి, తమ్ముడికో చెల్లికో పనికొస్తాయి. ట్యాబ్‌లో మెమరీ కార్డు ఉంటే దాన్ని తీసి వేరే ఫోన్‌లో పెట్టి, అడిగింది కదా అని ‘ఫార్మాట్’ నొక్కకండి. అందులో ఉన్నదంతా పోతుంది.

ఈ ట్యాబ్‌లలో పిల్లలు అనవసరమైనవి దించకుండా తాళం సాఫ్ట్‌వేర్ వేశారు. దానివల్ల కొన్ని సెట్టింగులు తెరుచుకోకపోవచ్చు. షాపులో తాళం తీయించడం కంటే ముందు హెడ్మాస్టర్‌ని అడగండి. ఇస్తే రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరి మార్గం. అది చేశాక పాత గూగుల్ ఖాతా, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ ఖాతాను నెట్ సెంటర్ కుర్రాడో, ఎవరో సారో తెరిచి ఇచ్చి ఉంటే, పాస్‌వర్డ్ మీకు తెలియకపోతే, ట్యాబ్ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి రీసెట్‌కి ముందు ఖాతా మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి, ఫొటోలు, పత్రాలు, వాట్సాప్ బ్యాకప్ బయటికి తీయండి.

షాపుకీ సచివాలయానికీ వెళ్లే ముందు

నాగాయలంక నుంచో కోడూరు నుంచో మచిలీపట్నం వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, పైన బస్సు ఛార్జీ. అందుకే పైవన్నీ ఇంట్లో చేశాకే బయల్దేరండి. షాపులో ట్యాబ్ వదిలి రావాల్సివస్తే మెమరీ కార్డు తీసి దగ్గర పెట్టుకోండి, సాక్ష్యం ఫైళ్ల కాపీ ముందే తీయండి, ‘డేటా తీయకూడదు’ అని బిల్లు మీద రాయించండి.

ట్యాబ్ పనిచేయనంత మాత్రాన దరఖాస్తు ఆగిపోకూడదు. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ పోస్టులున్నాయి. ‘మీ ఫోన్ బాగాలేదు, మేమేం చేస్తాం’ అంటే, ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే మీరే అర్జీ రాసి, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి. సేవలన్నీ తెర మీదకి మార్చింది ప్రభుత్వం. ఆ తెర మొరాయించిన రోజున పని చేసిపెట్టాల్సిన బాధ్యత కూడా దానిదే.